పిసుకు సారు

గుడ్డు కొసన చిన్న చిల్లి పెట్టి, తెల్లసొన మాత్రమే జాడీలోకి జారేటట్టు కెంపమ్మ దాన్ని వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతోంది. పచ్చసొన చితికి కిందికి దిగిందంటే జాడీలో ఉన్నదంతా పారబోసుకోవలసిందే. అందుకని ఈ పని చేసేటప్పుడు ఆమె ఎవరికీ జవాబు చెప్పదు. పెరట్లోంచి అవ్వ పిలిచినా పలకలేదు. సొన పూర్తిగా దిగాక గుడ్డు పగలగొట్టి, పచ్చసొనను అవ్వ అట్టు కోసం గిన్నెలో వేసింది. తర్వాత మజ్జిగ చిలికే చిన్న కవ్వాన్ని జాడీలోకి దించి, రెండు అరచేతుల మధ్య పట్టుకుని గిరగిర తిప్పసాగింది.

ఈ కథను మొదటినుంచీ వింటున్నవాళ్ళు కాసేపు ఓపిక పట్టాలి. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పకపోతే బాగుండదు.

కెంపమ్మ మొగుడు వెంకటరాయప్ప ఆమెకు సొంత మేనమామ. అందుకే పెళ్ళయినా అతన్ని మామా అనే పిలుస్తుంది. అత్త మునివెంకటమ్మ తల్లికి తల్లి కాబట్టి, చిన్నప్పటి అలవాటు ప్రకారం అవ్వా అంటుంది. రెండో ప్రపంచ యుద్ధం మొదలు కాకముందు వెంకటరాయప్ప తన చేనులో కల్లు గీసే ఈత చెట్లన్నిటినీ తన చేతులతోనే నరికేశాడు. ఊరంతా చూస్తుండగా పిడికెడు మట్టి తీసుకుని, ఈ నేలలోంచి ఇక కల్లు చుక్క గానీ సారాయి చుక్క గానీ పుట్టదని ఒట్టు పెట్టాడు. ఆ చెట్లున్న చోట ద్రాక్ష తీగలు నాటాడు. తీగలు పందిరి నిండా పాకి కాపుకు వచ్చిన ఏడే సర్కారు మీద తిరగబడ్డాడని పోలీసులు వచ్చి అతన్ని పట్టుకుపోయారు. ఏడాదిన్నర జైల్లో ఉండి ఈ మంగళవారమే ఇంటికి చేరాడు.

చేరాడన్న మాటే గానీ, నోరు విప్పి మాట్లాడటం లేదు. ఏమడిగినా ఊ అంటాడు, లేకపోతే ఊహూ అంటాడు. జలుబు పట్టి తుమ్ముతుంటాడు. తోటలోకి ఒకసారి వెళ్ళి, పందిరి కింద నిలబడి, పందిరిని మోసే రాతి కూసాలను తడిమి చూసి వచ్చేశాడు. తీగలు బాగున్నాయని కూడా అనలేదు. రాత్రిళ్ళు గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఎదురుచూసినన్నాళ్ళూ కెంపమ్మకు లేని దిగులు, అతను వచ్చాక పట్టుకుంది.

ఇక ఆమె చిలుకుతున్న ఈ జాడీ సంగతి. నంది కొండ కింద బంగళా కట్టుకుని ఉండే పెన్రోసు దొర కోలారు బంగారు గనుల్లో ఇంజనీరుగా పని చేసి దిగిపోయిన ముసలివాడు. అంతకు ముందు సముద్రాలకు అవతల పెరూ అనే దేశంలో గనులు తవ్వించాడట. ఆ దేశంలో ద్రాక్షపండ్ల రసాన్ని పులియబెట్టి కాచి, నీళ్ళలాగా తేటగా ఉండే సారాయి దించుతారు. అందులో నిమ్మరసం, చక్కెర పాకం, గుడ్డు తెల్లసొన వేసి నురగ వచ్చేదాకా గిలక్కొట్టి తాగుతారు. శనివారం సాయంత్రం అది ఒక గ్లాసు పడకపోతే దొరకు పొద్దు గడవదు. కానీ దొర వంటవాడు మిలిటరీ వంటలకు వెళ్ళిపోయాడు. దొర కుడిచెయ్యి, గనిలో రాయి పడ్డప్పటినుంచి, పట్టు లేనిది. నిమ్మచెక్క కూడా పిండుకోలేడు.

వెంకటరాయప్ప జైలుకు పోయిన కొత్తలో ఒక శనివారం కెంపమ్మ బంగళా మెట్ల మీద నిమ్మకాయలు, కోడిగుడ్లు దించుతోంది. దొర ఒక సీసా, ఒక గ్లాసు తెచ్చి ఆమె ఎదురుగా పెట్టి, ఎంతో ఆశగా ఆ పానీయం పేరు చెబుతూ, "పిస్కో సవర్" అన్నాడు.

కెంపమ్మకు అది "పిసుకో, సారూ" అని వినిపించింది. ఆడదాన్ని పట్టుకుని సారూ అని ఎందుకంటున్నాడో ఆమెకు అంతుపట్టలేదు. పిసకమంటున్నాడని మాత్రం అర్థమైంది. చేతిలో ఉన్న నిమ్మకాయ కోసి గ్లాసులోకి పిసికింది. దొర ముఖం వెలిగిపోయింది. అలా మొదలైంది. బంగళా వంటింట్లో అడుగు పెట్టనని ఆమె చెబితే, దొర సీసాను తోటమాలి చెన్నరాయప్ప చేత వీళ్ళింటికి పంపడం మొదలుపెట్టాడు. మూడు పాళ్ళు సారాయి, ఒక పాలు నిమ్మరసం, ఒక పాలు పాకం. తెల్లసొన నురగ కట్టాక పైన చేదు చుక్కలు వెయ్యాలి. దొర దగ్గరున్న చేదు సీసా యుద్ధంలో అయిపోయి మళ్ళీ దొరకలేదు. కెంపమ్మ నేలవేము కషాయం కాచి ఆ చుక్కలే వేసింది. దొర తాగి కళ్ళు మూసుకుని ఏదో గొణిగాడు. వద్దనలేదు.

ఇంట్లో అవ్వ అడిగింది, ఏమి మే చేస్తాండావు అని.

"దొరకు పిసుకు సారవ్వా" అంది కెంపమ్మ.

ఇటువైపు చారును సారు అంటారు. అవ్వ సారనే అనుకుంది. ముసలి దొరకు అరగక నిమ్మకాయ సారు తాగుతున్నాడని జాలి కూడా పడింది. ముక్కుపొడి పీల్చి పీల్చి అవ్వ ముక్కుకు ఏ వాసనా తెలియకుండా పోయి చాలా ఏళ్ళయింది. కెంపమ్మ అబద్ధం చెప్పలేదు. అవ్వ అనుకున్నదాన్ని కాదనలేదు, అంతే.

ఈ శనివారం మాత్రం ఆమె మనసు మనసులో లేదు. మామ పెద్ద బావి దగ్గర స్నానానికి వెళ్ళాడు. వచ్చి రెండు ముద్దలు తిని చింతామణి ఊళ్ళో కల్లు మానిపించడానికి పెట్టిన సభకు బయలుదేరతాడు. అతను వెళ్ళాక చెన్నరాయప్ప వస్తాడు. ఇదే ఆఖరి జాడీ, ఇంక మా ఇంటికి సీసా తేవద్దని వాడితో చెప్పి పంపాలని ఆమె పొద్దుటినుంచీ మాటలు కూడబెట్టుకుంటోంది.

నురగ జాడీ మూతిదాకా పొంగింది. కవ్వం తీసి, పళ్ళెం మూసి, నీళ్ళకుండ కింద తడిగా ఉన్న ఇసుకలో జాడీని దించుతుండగా వీధిలోంచి ఎవరో కేక పెట్టారు.

"కెంపమ్మా! మీ తోట మడవ తెగిపోయిండాది! నీళ్ళన్నీ బండ్ల బాటన పోతాండాయి!"

కెంపమ్మ చెంగు బిగించి పార అందుకుంది. "అవ్వా, జాడీ చూసుకో" అని పెరట్లోకి కేకేసి పరుగెత్తింది.

మడవ కట్టడం అనుకున్నంత సులువుగా కాలేదు. మట్టి వేసినకొద్దీ నీళ్ళు ఈడ్చుకుపోయాయి. చివరికి రాళ్ళు పేర్చి, గడ్డి కుక్కి, మోకాళ్ళదాకా బురదతో ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోనే ఇంగువ పోపు ఘుమఘుమలాడింది. దాని వెనక, సన్నగా, నిమ్మకాయ వాసన.

వెంకటరాయప్ప కంచం ముందు కూర్చున్నాడు. కంచంలో రాగి సంగటి ముద్ద. ముద్దకు గుంట పెట్టి ఉంది. గుంట నిండా సారు. పక్కనే జాడీ, జాడీలో గరిటె.

"మంచిదానివే" అంది అవ్వ, కెంపమ్మను చూడగానే. "నా కొడుక్కని వట్టి పచ్చిసారు పెట్టి పోయినావే! ఉప్పు లేదు, పోపు లేదు. నురగ చూసి పులిసిపోయిందేమో అనుకొని కలబెట్టి చూస్తిని. బాగానే ఉండాది. ఆవాలు, కరేపాకు, ఇంగువ ఏసి తిరగబోత పెట్టినా."

"చూసుకో అంటిని గదవ్వా" అంది కెంపమ్మ.

"చూసినా గదమ్మే! చూడకుండానే పోపు పెట్టినానా?"

వెంకటరాయప్ప సంగటి తుంచి సారులో ముంచి మింగాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. నుదుటి మీద చెమట. "కెంపీ" అన్నాడు.

ఇంటికి వచ్చినప్పటినుంచి అతను ఆ పేరుతో పిలవడం ఇదే మొదలు.

"ఏం సారు మే ఇది? ఏడాదిన్నర నీళ్ళసారు తాగి నాలిక చచ్చిపోయింది. ఇది గొంతులో దిగుతానే లోపలంతా ఎచ్చంగా పాకతాండాది. ముక్కు కూడా తెరుచుకునె."

"పిసుకు సారప్పా" అంది అవ్వ గర్వంగా. "నీ పెండ్లాము శనివారం శనివారం ఆ ముసలి దొరకు చేసి పంపిస్తాది. దొరే మెచ్చుకున్నాడంట. పాపం, వానికి కడుపు బాగుండదు."

"దొరకా?" వెంకటరాయప్ప ఆలోచించాడు. "పోనీలే. వాళ్ళ సర్కారుతో మనకు జగడం గానీ, ఆకలైన ముసలోడితో ఏమి జగడం? సారు ఇస్తే తప్పులేదు. ఇంకొంచెం పొయ్యమ్మా."

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచింది కూడా. ఇంతలో అతను నవ్వాడు.

"జైల్లో ఒకనాడు సంగటి గెలికే వంతు నాకు పడింది, చెప్తినా? చెప్పలేదు గదా. గుండిగంత బాన. గెలికే కట్టె నాకన్నా పొడుగు. నేను దాన్ని తిప్పతాండానా, అది నన్ను తిప్పతాండాదా తెల్దు. అడుగంటి నల్లగా మాడిపోయింది. వార్డరు వచ్చి, ఇది బ్రిటిషు సర్కారు మీద కుట్ర అని కేసు రాస్తానన్నాడు. మాతో జైల్లో ఉండిన హెగ్గడే మేష్ట్రు లేచి, అయ్యా, ఈ కుట్రలో తినేది మేమే గదా, సర్కారుకు ఏమి నష్టము అన్నాడు. నవ్వి నవ్వి అందరికీ పొలమారింది."

అవ్వ చేతులతో మొహం కప్పుకుని నవ్వింది. కెంపమ్మకు కూడా నవ్వొచ్చింది. బురద కాళ్ళతోనే గడప పక్కన కూలబడింది. అతను చెబుతూనే ఉన్నాడు. రాత్రిపూట పక్క గదిలోవాడు తన ఎద్దుల పేర్లు వరసగా పిలుచుకునేవాడని, వాడికి ఎద్దులు గుర్తొస్తే తనకు మాత్రం ద్రాక్ష పందిరి గుర్తొచ్చేదని చెప్పాడు. పందిరి కింద కెంపమ్మ నిలబడి తీగలు కడుతున్నట్టు కలలొచ్చేవన్నాడు. ఆ మాట తల్లి ముందు అనగలిగే మనిషి కాదు అతను. అవ్వ కూడా ఒక క్షణం కొడుకు వంక వింతగా చూసి, మళ్ళీ గరిటె అందుకుంది.

అతని నోటికి ఈ మాటలు ఎక్కడినుంచి వస్తున్నాయో కెంపమ్మకు తెలుసు. దొర కూడా మొదటి గ్లాసు తర్వాత ఇలాగే పెరూ కొండల సంగతులు చెబుతాడని చెన్నరాయప్ప చెప్పాడు. తెలిసి కూడా ఆమె కదల్లేదు. ఇంకొక్క మాట విందాం, ఇంకొక్క మాట విందాం అనుకుంది. అవ్వ ఇంకో గరిటె పోసింది. ఆమె ఆపలేదు.

"అవును గానీ కెంపీ, ద్రాక్ష పంపేదానికి రైల్లో బండ్లు దొరకలేదంటిరి గదా, మిలిటరీకే సరిపోయినాయని. రెండు కాపుల కాయంతా యాడికి పోయె?"

"ఇక్కడిక్కడే అమ్మితి మామా."

"గట్టిదానివే" అన్నాడు అతను, మెచ్చుకుంటూ. ఇంకేమీ అడగలేదు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ఆంజనేయప్ప లోపలికి వచ్చాడు. ఖద్దరు చొక్కా, భుజాన గుడ్డసంచి. వెంకటరాయప్పతో కలిసి ఈత చెట్లు నరికినవాడు, విదురాశ్వత్థలో పోలీసులు జనం మీద కాల్పులు జరిపినప్పుడు తూటా భుజాన్ని రాసుకుపోయినా బతికి బయటపడినవాడు. కాఫీ కూడా తాగడు.

"ఏమప్పా రాయప్పా, ఇంకా ఊటం కాలేదా? పెట్రోలు లేక బొగ్గుతో నడిపే బస్సు గదా, డ్రైవరు వెనక నిలబడి బొగ్గులు రాజేస్తాండాడు. అది రాజుకొని పొగ వచ్చి బస్సు కదిలేలోగా మనం నడిచి చింతామణి చేరుకోవచ్చులే గానీ, అయినా లెయ్యి."

"కూర్చోప్పా" అన్నాడు వెంకటరాయప్ప, చెయ్యి చాచి నేల చూపిస్తూ. చెయ్యి అవసరమైన దానికన్నా ఎక్కువగా చాచాడు. "జనం వస్తాండారా?"

"వస్తాండారు. ఈత వనాలుండే రైతులు కూడా వస్తామన్నారు. నరకేదానికి సగం ఒప్పుకున్నారు, సగం వెనకాడతాండారు. ఒకటే మాట అంటాండారు. రాయప్ప వచ్చి, నా చేనిలో నేను నరికినాను, దాంట్లో ఇంకొక పంట పెట్టి బతికినాను అని మట్టి పట్టి చెప్తే మేమూ నరుకుతాం, లేదంటే లేదు. నువ్వు జైల్లో ఉండంగా కల్లు గుత్తదారు వాళ్ళను బాగా భయపెట్టినాడు. ఇదంతా ఇంక నీ నోట్లో ఉండాది."

"చెప్తా. చెప్పకేమి."

"ముందు నువ్వు కూడా ఒక ముద్ద తినప్పా" అంది అవ్వ, అప్పటికే కంచం కడుగుతూ.

"నీ ఇంట్లో వద్దంటానామ్మా? ఏమి సారు?"

"పిసుకు సారు."

"అదేం పేరు! పిసికేది చింతపండును గదా, సారును పిసకతారా?"

"తిని చెప్పు. మాటలు ఆమీద."

కంచం అతని ముందు పెట్టి, ముద్ద వేసి, అవ్వ గుంట పెట్టి, జాడీలోంచి గరిటె ఎత్తింది. ఆంజనేయప్ప చెయ్యి కడుక్కుని కంచం ముందు సర్దుకుని కూర్చున్నాడు. సారు గుంటలో పడింది. అతను ముద్ద తుంచాడు.

కెంపమ్మ వంగి కంచం లాగేసుకుంది.

చెయ్యి గాలిలో ఉండగా అతిథి ముందునుంచి కంచం లాగడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. ఆంజనేయప్ప తుంచిన ముద్ద వేళ్ళలోనే పట్టుకుని ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏమమ్మా, నేను తినగూడదా మీ ఇంట్లో?"

"ఏమ్మే, పిచ్చి పట్టిందా?" అవ్వ గరిటె చూపించింది. "తిండి ముందర కూర్చున్నోడి కంచం లాగతావా? దొరకైతే జాడీ నింపి పంపిస్తావు, మనోళ్ళకు ముద్ద సారుకు లోటా?"

"పెట్టు కెంపీ" అన్నాడు వెంకటరాయప్ప, ఇంకా నవ్వుతూనే. "జాస్తి లేకపోతే నా కంచంలోది పోస్తా."

"అది సారు కాదు మామా."

"సారు కాకపోతే పులుసు. ఏదైతే ఏమి?"

"పులుసు కూడా కాదు. సారాయి."

ఆంజనేయప్ప పకపక నవ్వాడు. "సారుకు తోక తగిలించి భయపెడతాండావు గదమ్మా! నీ మొగుడు సభలో చెప్పాల్సిన మాటలు నువ్వే చెప్పేటట్టుండావు."

ఎవరూ నవ్వలేదు. అతని నవ్వు కూడా మెల్లగా ఆగిపోయింది.

"నిజమేన్నా" అంది కెంపమ్మ. "దొర తాగే సారాయి. నిమ్మకాయ పిండి, చక్కెర, తెల్లసొన ఏసి కలిపేది నేనే. దాని పేరు దొర భాషలో వేరే ఉండాది. నాకు పిసుకో సారు అని వినపడింది. నేను అట్లే అంటిని, అవ్వ సారనుకొనె."

"నేను దానికి పోపు పెట్టినానే!" అంది అవ్వ. ఆ క్షణంలో ఆమెకు అంతకన్నా పెద్ద విషయం తోచలేదు.

వెంకటరాయప్ప వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కంచంలో మిగిలినదానికేసి చూశాడు. లేవబోయాడు. మోకాలు వంగి, గోడ పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. ఇంకెవరూ ఏమీ నిరూపించనక్కరలేకపోయింది.

"ముందరే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"వచ్చి చూసేసరికి నువ్వు తింటాండావు."

"తింటాంటే?"

కెంపమ్మ తల వంచుకుంది. "మాట్లాడతాంటివి మామా. మంగళవారం నుంచి నాతో మాట్లాడలేదు నువ్వు."

అతనికి కోపం వస్తుందనుకుంది గానీ, వచ్చింది కోపం కాదు. గడ్డం మీద చెయ్యి పెట్టుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.

ఆంజనేయప్ప గుమ్మం దాకా వెళ్ళి వీధిలోకి తొంగి చూసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "రాయప్పా, ఇట్ల విను. నువ్వు సారనుకొని సంగట్లో నంచుకున్నావు. సారు తిన్నట్టే. ఈ ఇంట్లో మనం నలుగురం తప్ప ఎవరు చూసినారు? జామాకు నమిలి, తల మీద రెండు చెంబులు నీళ్ళు పోసుకో. ఆ బస్సు కుదుపులకు దారిలో శిడ్లఘట్ట చేరేసరికి అంతా దిగిపోతాది. నువ్వు రాలేదంటే ఆ రైతులు ఇంక మన ముఖం చూడరు."

"అవునప్పా, తెలీక గదా" అంది అవ్వ, ఏడుపు గొంతుతో. "పాపమేదన్నా ఉంటే నాది."

వెంకటరాయప్ప తల ఊపాడు. "తెలీక జరిగింది. అంతే" అన్నాడు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "కెంపీ, ఇంక దొర సీసా ఈ గడప దాటి రాగూడదు."

"రాదు మామా. ఈ పొద్దుతో సరి అని చెన్నరాయప్పకు చెప్దామనే ఉంటిని."

"సరి." చెంబు అందుకుని అక్కడే ముఖం కడుక్కున్నాడు. నీళ్ళు మెడ మీదుగా చొక్కాలోకి కారాయి. ముఖం తుడుచుకున్నాక గొంతు కొంచెం గట్టిపడింది. "తాగేవాడు దొర. తెచ్చుకొన్నోడు దొర. వాడి సొత్తు వాడిది. నా పెండ్లాము నిమ్మకాయ పిండింది, నేను తెలీక నోట్లో పెట్టినా. దానికీ నా చేనికీ సంబంధం లేదు. నేను సభలో చెప్పాల్సింది నా చేని మాట. ఈత చెట్లు నరికిన నేలలో ద్రాక్ష పెట్టినా. ఇన్నేండ్లలో ఆ మట్టిలోంచి ఒక్క చుక్క పుట్టలేదు. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. అంతే గదా ఆంజనేయప్పా?"

"అంతే. అది చాలు."

గుడ్డసంచి భుజాన వేసుకుని ఆంజనేయప్ప చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. దూరంగా బస్సు బూర మోగింది. కెంపమ్మ ఊరుకుంటే అయిపోయేది. మామ వెళతాడు, సభలో చెబుతాడు, రైతులు చెట్లు నరుకుతారు. కానీ ఆ మాట అతను అంతమందిలో మట్టి పట్టుకుని చెప్పబోతున్నాడు. ఆ మాట అబద్ధమని దొరకు తెలుసు, చెన్నరాయప్పకు తెలుసు. బంగళా వెనక పొగ చూసే గొర్రెల కాపరులకు తెలుసు. ఏదో ఒకనాడు కల్లు గుత్తదారుకూ తెలుస్తుంది. ఆ రోజు అతను ఏ సభలో నిలబడి ఉంటాడో!

"మామా, ఆ మాట చెప్పొద్దు."

"ఏ మాట?"

"మన మట్టిలోంచి చుక్క పుట్టలేదనే మాట."

వెంకటరాయప్ప తిరిగి చూశాడు.

"యుద్ధంలో ఓడలు ఆగిపోయి దొరకు సీసాలు వచ్చేది నిలిచిపోయింది" అంది కెంపమ్మ. మొదలుపెట్టాక ఆపకూడదని గబగబా చెప్పుకుపోయింది. "మన కాయకు రైలు బండి దొరకలేదు. స్టేషనుకు తోలిన గంపలు తోలినట్టే వెనక్కి వచ్చినాయి. పండు పగిలి ఈగలు ముసురుతాండాయి. పందిరి కింద నడిస్తే కాళ్ళకు అంటుకుంటాంది. అప్పుడు దొర మనిషిని పంపించి, ఉండేదంతా నేనే తీసుకుంటానన్నాడు. ఇస్తిని. కూసాలకు, పందిరి కంబికి, ఎరువుకు ఆ దుడ్డే ఆధారమాయె. బంగళా వెనక రాగి బాన పెట్టించినాడు. దాంట్లో కాచేది మన పండే. ఆ సీసాలో ఉండేది, ఈ జాడీలో ఉండేది, నువ్వు తిన్నది, అంతా మన తోటదే మామా."

ఆంజనేయప్ప ద్వారబంధం మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. అవ్వ అయోమయంగా ఒకరి తర్వాత ఒకరి ముఖాలు చూసింది.

"ద్రాక్షపండుతో సారాయి చేస్తారామ్మే?" అంది మెల్లగా. "ఈత చెట్టుతో గదా..."

వెంకటరాయప్ప గొంతు బాగా తగ్గించాడు. "నీకు తెలిసే ఇస్తివా?"

తెలీదంటే నమ్మేస్తాడు. నమ్మడానికి సిద్ధంగా ఉన్నట్టే అడిగాడు.

"మొదటి కాపప్పుడు తెలీదు" అంది కెంపమ్మ. "రెండో కాపప్పుడు తెలుసు."

అవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. బస్సు బూర మళ్ళీ మోగింది, ఈసారి గట్టిగా.

వెంకటరాయప్ప కంచంలో చెయ్యి కడిగాడు. ఒక్కొక్క వేలూ విడివిడిగా రుద్ది కడిగాడు. తుండుతో తుడుచుకుని, గోడ పట్టుకుని లేచాడు. ఈసారి కాళ్ళు నిలిచాయి. కెంపమ్మ పక్కనుంచి వెళుతూ ఆమె వంక చూడలేదు. చూడకూడదని చూడనట్టు కాదు, అక్కడ ఎవరూ లేనట్టు.

"రాయప్పా, చెప్పులు" అన్నాడు ఆంజనేయప్ప.

అతను చెప్పులు వేసుకోలేదు.

"నాయనా, ఏమన్నా అనప్పా! తిట్టు, కొట్టు, ఏదో ఒకటి అను" అంది అవ్వ.

అతను గడప దాటి, మెట్లు దిగాడు. కుడిపక్కకు తిరిగితే బస్సు ఆగే బాట. అక్కడ పొగ లేస్తోంది, ఎవరో ఆంజనేయప్ప పేరు పెట్టి కేకలు వేస్తున్నారు. ఎడమపక్కకు తిరిగితే ద్రాక్ష తోట, తోట దాటితే రాగి బాన ఉన్న దొర బంగళా. అంతకు మించి ఆ దారిలో ఇంకేమీ లేదు.

వెంకటరాయప్ప ఎడమకు తిరిగాడు.